బీడీ మానేవారికి ఒక తోడు కావాలి

మీ ఇంటి పెద్దను ఆయాసంతోనో, గుండెనొప్పితోనో, తెమడలో రక్తం పడుతోందనో ఆసుపత్రికి తీసుకువచ్చారు. డాక్టరుగారు అన్నీ చూసి, మందులు రాసి, చివరగా "బీడీ పూర్తిగా మానేయాలి" అన్నారు. ఆయన తల ఊపారు. వార్డులో ఉన్నన్ని రోజులు ముట్టుకోలేదు కూడా. ఇంటికి వెళ్ళిన మూడో రోజు దొడ్డి వెనక నుంచి పొగ వాసన వచ్చింది. అప్పుడు చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. అరుస్తారు, ఏడుస్తారు, బీడీ కట్ట తీసి పొయ్యిలో వేస్తారు. మీ బాధలో తప్పు లేదు. కాని అరుపులకు బీడీ మానినవారిని మేము చూసింది తక్కువ. దాచుకొని తాగడం నేర్చుకున్నవారినే ఎక్కువ చూశాము.

ముందుగా ఆయన లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి. పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. ఏళ్ళ తరబడి అలవాటైన మెదడు అది అందకపోతే గోల చేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఎక్కువ ఆకలి, మలబద్ధకం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, ఇవన్నీ వస్తాయి. మొదటి మూడు రోజులు చాలా కష్టం. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. కొందరికి మానిన కొత్తలో దగ్గు ఎక్కువవుతుంది. "తాగినప్పుడే బాగుండె" అని మళ్ళీ వెలిగించేది ఇక్కడే. ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టినప్పుడు అలా జరగవచ్చు. అయితే రక్తం పడినా, జ్వరం వచ్చినా, దగ్గు రెండు వారాలు దాటినా తప్పక చూపించాలి.

"సిగరెట్టు కాదు గదా, ఆకు బీడీయే గదా" అనే మాట ఈ ప్రాంతంలో తరచు వింటాము. తునికాకు తొందరగా కాలదు, మాటిమాటికి ఆరిపోతుంది. అందుకే గట్టిగా, ఎక్కువసార్లు పీలుస్తారు. తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటే తక్కువేమీ లోపలికి పోవు. తాండూరు వైపు నాపరాళ్ళ గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవారికి రాతి దుమ్ము దీనికి తోడవుతుంది. క్షయ సంగతి వేరే చెప్పాలి. తమిళనాడులో 43,000 మంది పురుషుల మరణాలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం, మన దేశంలో క్షయతో చనిపోయే మగవారిలో సగం మరణాలకు పొగ తాగడం కారణమని తేల్చింది. అనంతగిరి ఆసుపత్రిలో మందులు వాడి వచ్చినవారు మళ్ళీ బీడీ పట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించండి.

ఇక అసలు విషయం. బీడీ ఒక్కరి అలవాటు కాదు. మోమిన్‌పేట్ చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా చాయ్ హోటల్ దగ్గర కాసేపు నిలబడండి. "అన్నా, ఒక బీడీ ఇయ్యవే" అని ఒకరు, అగ్గి కోసం మరొకరు. ఇచ్చి పుచ్చుకోవడంలో పలకరింపు ఉంది, మర్యాద ఉంది. వద్దంటే "ఏందే, పెద్దోనివైనవా?" అంటారు. ఇంట్లో మీరెంత కాపలా కాసినా హోటల్ దగ్గర ఆయన ఒంటరివాడే. అక్కడ ఆయన పక్కన నిలబడే మనిషి కావాలి.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణంలో 12,067 మందిని 1971 నుంచి 2003 వరకు గమనించారు. 2008లో వచ్చిన ఫలితం ఇది: భార్యాభర్తల్లో ఒకరు మానేస్తే రెండోవారు పొగ తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానేస్తే 36 శాతం, అన్నదమ్ముల్లో ఒకరు మానేస్తే 25 శాతం తగ్గింది. స్నేహితుని ప్రభావం తోబుట్టువు కంటే ఎక్కువగా ఉండటం గమనించండి. జనం గుంపులుగా తాగినట్టే గుంపులుగా మానారు.

అమెరికా మాట మనకెందుకు అనుకుంటే, మన తెలుగు పల్లెలనే చూడండి. శ్రీకాకుళం జిల్లాలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని చుట్ట తాగే 'అడ్డపొగ' అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవారిలో. ఆ జిల్లాతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో కలిపి 36,000 మంది పొగాకు వాడేవారి ఇళ్ళకు వెళ్ళి, నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చొని మాట్లాడారు. సినిమాలు, రేడియో కూడా వాడారు. 1986లో ఫలితాలు వచ్చాయి. అలా మాట్లాడిన చోట మానినవారు పెరిగారు, నోటి కాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. చదువు రాని ముసలమ్మలు కూడా మానగలిగారంటే, మనిషి మనిషితో మాట్లాడటంలో ఎంత బలం ఉందో చూడండి.

కాబట్టి డిశ్చార్జి అయ్యేలోపే మీ ఊరిలో, మీ చుట్టాలలో బీడీ మానేసి కనీసం ఆరు నెలలైన ఒకరిని వెదకండి. అదే పని చేసే మనిషైతే మరీ మంచిది. రాయి కొట్టేవానికి రాయి కొట్టేవాడు చెబితే వింటాడు. బడి పంతులు చెబితే వినకపోవచ్చు. మొదటి పది రోజులు ఆయన్ని రోజూ ఒకసారి రమ్మనండి, రాలేకపోతే ఫోన్ చేయమనండి. నీతులు చెప్పనక్కరలేదు. "మామా, మూడో రాత్రి నాకు అసలు నిద్ర పట్టలే, పొద్దున లేచి బావి దాకా నడిచిన" అని తన సంగతి చెబితే చాలు. తాగాలనే కోరిక ఒక్కోసారి వచ్చి కొద్ది నిమిషాలుండి పోతుంది. ఆ నిమిషాలు మాటలతో గడిపేందుకే ఈ తోడు. అలాంటివారు దొరకకపోతే, మానాలనుకునే మరొకరితో జత కట్టండి. ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టాలి.

ఇంట్లోవారి పని వేరు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే, కనీసం ఆయన ముందు తాగవద్దు. అగ్గిపెట్టె, బీడీ కట్ట కంటికి కనబడకూడదు. జేబులో సోపు, లవంగాలు పెట్టండి. చిరాకుపడితే రెండు వారాలు ఓర్చుకోండి. బీడీ బదులు గుట్కా, జర్దా, ఖైనీ మాత్రం ఒప్పుకోవద్దు, అందులోనూ నికోటినే. తోడు ఉంది కదా అని వైద్యం వదలకండి. నికోటిన్ చూయింగ్ గమ్, ఇతర మందులు ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే వాడాలి.

ఒకరోజు ఆయన మళ్ళీ ఒక బీడీ తాగారని తెలుస్తుంది. ఇది చాలామందికి జరుగుతుంది. ఆ రోజు "అంతా పాయె" అనకండి. ఎక్కడ, ఎవరితో, ఏ వేళ తాగారో మెల్లగా అడగండి. ఆ తోడు మనిషిని ఆ సాయంత్రమే పిలవండి. ఎవరూ దొరకని వేళ 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఈ సేవకు డబ్బు ఖర్చు కాదు. తెలుగులో మాట్లాడతారు. ఆయనే మాట్లాడాలి గాని, మొదటిసారి నంబరు కలిపి ఫోన్ చేతికివ్వడం మీరు చేయండి.