ఆ పతకం అమ్మకానికి కాదు!

ఉన్నది రెండెకరాల పొలం. ఇంట్లో ఉన్నది మాత్రం, అమ్మితే పెద్ద మొత్తం తెచ్చిపెట్టే పతకం. ఒక్కమాట ‘సరే’ అంటే కుటుంబం కష్టాలు తీరిపోయేవి. కానీ ఉమ్రావ్ సింగ్ ఆ మాట అనలేదు. 2005లో కన్నుమూసేదాకా అనలేదు.

ఇప్పటి హర్యానాలోని ఝజ్జర్ జిల్లా, పల్రా ఆయన సొంతూరు. 1920లో రైతు కుటుంబంలో పుట్టారు. 1939లో సైన్యంలో చేరి ఫిరంగి దళంలో పనిచేశారు. రెండో ప్రపంచయుద్ధం ఆయన్ని బర్మా అడవులకు తీసుకెళ్లింది.

ఆ రాత్రి ఏం జరిగింది?

1944 డిసెంబరు 15 రాత్రి. కలాదన్ లోయలో హవల్దార్ ఉమ్రావ్ సింగ్ బృందం ఒక ఫిరంగిని కాపాడుతోంది. గంటన్నరపాటు గుళ్ల వర్షం కురిపించిన జపాన్ సైనికులు ఆ తర్వాత మీదికి దూసుకొచ్చారు. గ్రెనేడ్లు పేలి గాయాలైనా ఉమ్రావ్ కదల్లేదు. ఓ దాడిని తిప్పికొట్టేసరికి మరో దాడి! పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే నేలకొరిగారు. చివరికి తూటాలు అయిపోయాయి. అప్పుడాయన ఫిరంగికి వాడే గడ్డపారలాంటి బరువైన ఇనుప కడ్డీ అందుకున్నారు. దాంతోనే శత్రువులతో కలబడ్డారు.

ఆరు గంటల తర్వాత సహచరులు వచ్చి చూస్తే, ఫిరంగి పక్కనే స్పృహ లేకుండా పడి ఉన్నారు. తల నిండా గాయాలు. మనిషిని గుర్తుపట్టడమే కష్టమైంది. కడ్డీ మాత్రం చేతిలోనే ఉంది. చుట్టూ పదిమంది జపాన్ సైనికుల మృతదేహాలు. ఆయన కాపాడిన ఫిరంగి ఆ రోజే మళ్లీ మోగింది!

ఆ సాహసానికి విక్టోరియా క్రాస్ వచ్చింది. 1945 అక్టోబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బ్రిటన్ రాజు ఆరో జార్జి స్వయంగా అందజేశారు. స్వాతంత్య్రం వచ్చాక కూడా ఉమ్రావ్ సైన్యంలో పనిచేశారు. సుబేదార్ మేజర్ అయ్యారు, గౌరవ కెప్టెన్ హోదా పొందారు. 1983లో ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది.

ఏడాదికి 168 పౌండ్లు

గౌరవాలు సరే, ఇల్లు గడవాలి కదా! యూనిఫాం విప్పాక ఆయన మళ్లీ నాగలి పట్టారు. పతకం తాలూకు పింఛను ఏడాదికి 168 పౌండ్లు. ఏళ్లు గడిచాయి, ధరలు పెరిగాయి, ఆ అంకె మాత్రం పెరగలేదు. పతకం కొంటామంటూ పెద్ద మొత్తాలతో వచ్చినవాళ్లున్నారు. ఆయన ఒప్పుకోలేదు. అమ్మితే ఆ పోరులో నేలకొరిగిన తోటి సైనికులను అవమానించినట్లేనన్నది ఆయన భావన.

1995లో ఐరోపాలో యుద్ధం ముగిసి 50 ఏళ్లయిన సందర్భంగా లండన్‌లో ఉత్సవాలు జరిగాయి. ఉమ్రావ్ వెళ్లారు. తీరా చూస్తే అతిథుల జాబితాలో పేరు లేదు! ప్రముఖుల గుడారంలోకి వెళ్లనివ్వబోమన్నారు. ఇంతలో ఓ బ్రిగేడియర్ చూపు ఆయన ఛాతీ మీద పతకంపై పడింది. వెంటనే సాదరంగా లోపలికి ఆహ్వానించారు. అక్కడ బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్ కలిశారు. మొహమాటపడకుండా పింఛను సంగతి చెప్పేశారు ఉమ్రావ్. ఆ మాట వృథా పోలేదు. అదే ఏడాది పింఛను 1,300 పౌండ్లకు పెరిగింది.

సొంతూరి మట్టిలోనే...

2005 నవంబరు 21న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో ఆయన తుదిశ్వాస విడిచారు. వయసు 85. క్యాన్సర్‌తో పోరాడుతూ వెళ్లిపోయారు. విక్టోరియా క్రాస్ పొందిన భారతీయుల్లో అప్పటికి జీవించి ఉన్నది ఆయనొక్కరే. ఇద్దరు కొడుకులు, ఓ కూతురు ఉన్న ఆ తండ్రికి పల్రాలోనే సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. సైన్యాధిపతి జనరల్ జె.జె.సింగ్, ముఖ్యమంత్రి భూపీందర్ సింగ్ హుడా ఆ ఊరికి వచ్చి నివాళులర్పించారు.

పిల్లలకు ఆయన పెద్ద ఆస్తులేమీ కూడబెట్టి ఇవ్వలేదు. బతికున్నన్నాళ్లూ పతకాన్ని మాత్రం ఎవరి చేతికీ పోనివ్వలేదు.