సర్వర్ ఎందుకు నెమ్మదిస్తుంది?

"సర్వర్ స్లోగా ఉంది, కాసేపు ఆగండి." ఈ మాట వినని బ్యాంకు కుటుంబం ఉండదు. మావారు కౌంటర్లో ఈ మాట చెప్పి ఖాతాదారుల చేత చీవాట్లు తింటుంటారు. నేనేమో ఇంట్లో కూర్చుని అలాంటి సర్వర్లకు వైద్యం చేస్తుంటాను. ఆయన బదిలీతో సూరత్ వచ్చాక, అడాజన్‌లోని మా ఇంటి నుంచే డేటాబేస్ పని చేస్తున్నాను. సర్వర్ నెమ్మదించినప్పుడు లోపల ఏం జరుగుతుందో, పెద్ద యంత్రం తెచ్చిపెట్టినా అది ఎందుకు తీరదో మన కుటుంబాలకు అర్థమయ్యేలా చెప్పాలని ఈ ప్రయత్నం.

డేటాబేస్‌కు చదవడం వేరు, రాయడం వేరు. బ్యాలెన్సు చూసుకుంటే అది చదవడం. డబ్బు పంపితే అది రాయడం. చదివేవాళ్ళు ఎక్కువైతే పుస్తకానికి నకళ్ళు తీసి నాలుగు బల్లల మీద పెట్టవచ్చు. రాతకు ఆ వెసులుబాటు లేదు. అసలు లెడ్జరు ఒక్కటే. ఒకే ఖాతా పేజీలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రాస్తే లెక్క తప్పుతుంది కాబట్టి, ఒకరు ముగించేదాకా రెండోవారు ఆగాలి. డేటాబేస్‌లోనూ ఒకరు మారుస్తున్న వరుసకు తాళం పడుతుంది.

పైగా "నమోదైంది" అని చెప్పేముందు ఆ సంగతి డిస్కు మీదికి చేరాలి. కరెంటు పోయినా చెరగకూడదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాతకాలపు డిస్కు సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది. ఒక్కో నమోదునూ విడివిడిగా రాస్తే సెకనుకు దాదాపు అన్నే పడతాయి. ప్రాసెసర్‌ను రెట్టింపు చేసినా ఈ లెక్క మారదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు ఎంతో వేగమైనవే, కానీ వాటికీ ఒక హద్దు ఉంది.

నిరుడు దీపావళికి ముందు ఇక్కడి చీరల వ్యాపారి ఒకతను నా సాయం అడిగాడు. ఒకప్పుడు కరీంనగర్ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. టోకు ఆర్డర్లన్నీ క్లౌడ్‌లో ఉన్న చిన్న వెబ్ అప్లికేషన్‌లో తీసుకుంటాడు. ఆర్డరు నమోదు కాగానే చీటీ వస్తుంది. ఆ చీటీ ప్రకారం చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇళ్ళలోనే చీరలకు లేసు కుడతారు. చీరకు ఇంత అని కూలి. నమోదు ఆగితే చీటీ రాదు, చీటీ రాకపోతే ఆ రోజు కూలి లేదు. అప్లికేషన్ ఉదయం హుషారుగా మొదలై, ఓ అరగంట తర్వాత నత్తనడక పట్టేది. విసిగిపోయిన కొనుగోలుదారులు బటన్ మళ్ళీ నొక్కడంతో ఒకే ఆర్డరు రెండుసార్లు పడేది.

"డబల్ సర్వర్ తీస్కోమంటున్నరు అక్కా. కిరాయి గూడ డబలే. తీస్కోవాల్నా, వద్దా?" అన్నాడు.

"ఆగు తమ్ముడూ, ముందు అది దేనికోసం ఆగుతోందో చూద్దాం" అన్నాను.

ప్రాసెసర్ పావు వంతు కూడా పనిచేయడం లేదు. అంటే పెద్ద సర్వర్ వచ్చినా ఊరికే కూర్చుంటుంది. ఏ నమోదు దేనికోసం నిరీక్షిస్తోందో చెప్పే పట్టికలు డేటాబేస్‌లోనే ఉంటాయి. వాటిలో మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది డిస్కు. కొన్ని క్లౌడ్ డిస్కుల్లో పరిమాణాన్ని బట్టి వేగం ఇస్తారు. జీబీకి 3 చొప్పున 100 జీబీ డిస్కుకు సెకనుకు 300 పనులు. ఖాళీ సమయంలో వాడుకోనివి పొదుపు ఖాతాలో జమవుతాయి. రద్దీ వేళ ఆ పొదుపు తీసి 3,000 దాకా పరుగెత్తుతుంది. నిండు పొదుపైనా అరగంటకు కాస్త మించి రాదు. ఆ తర్వాత మళ్ళీ 300. అరగంట మర్మం ఇదే. పరిమాణంతో సంబంధం లేకుండా స్థిరమైన వేగం ఇచ్చే రకానికి మార్చాం. అద్దె కొంచెం తగ్గింది కూడా.

రెండోది తాళం. ప్రతి ఆర్డరూ "ఈ రోజు మొత్తం" అనే ఒకే వరుసలో కూడుతోంది. అందరూ ఆ ఒక్క గడప దగ్గరే నిలబడ్డారు. ఆ మొత్తాన్ని ఐదు నిమిషాలకోసారి విడిగా లెక్కకట్టేలా చేశాం.

మూడోది ఇండెక్సులు. వెతకడానికి ఇవి మేలు, రాయడానికి భారం. ఒక జమను లెడ్జరుతో పాటు మరో పది రిజిస్టర్లలోనూ ఎక్కించాలంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. నెలాఖరు రిపోర్టులకు కూడా అక్కర్లేదని సరిచూసుకున్నాకే వాడని వాటిని తీసేశాం.

వీటికి తోడు, ఒక ఆర్డరులోని చీరలన్నిటినీ వోచర్ల కట్టలా ఒకేసారి నమోదు చేయించాం. చెక్కు నంబరులా ప్రతి ఆర్డరుకూ ముందే ఒక నంబరు ఇచ్చాం. బటన్ రెండోసారి నొక్కినా అదే నంబరు కాబట్టి మళ్ళీ నమోదు కాదు. ఆ పండగ సీజను పాత సర్వర్‌తోనే గడిచింది. చీటీలు ఏ పూటవి ఆ పూటే వెళ్ళాయి.

"అన్నీ క్యూలో పెట్టి నెమ్మదిగా రాసుకోవచ్చు కదా?" అని కొందరు అడుగుతారు. తాత్కాలిక రద్దీకి క్యూ మంచిదే. కానీ వచ్చేది ఎప్పుడూ పోయేదానికన్నా ఎక్కువైతే క్యూ ఏం చేయగలదు? 2006 ఆగస్టులో ఎగువన ఉకాయి జలాశయం నుంచి తాపీలోకి దాదాపు 9 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. అడాజన్‌తో సహా సూరత్‌లో చాలా భాగం మునిగింది. జలాశయానికైనా క్యూకైనా నిండే హద్దు ఒకటుంటుంది.

ఇవేవీ చాలనప్పుడు లెడ్జరునే ముక్కలు చేసి వేర్వేరు యంత్రాలకు పంచుతారు. ఒక్కో బ్రాంచి తన పుస్తకం తాను రాసుకున్నట్టు. అయితే ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి వెళ్ళిన సొమ్ము లెక్క సరిపోల్చడం ఎంత తలనొప్పో మన ఇళ్ళలో చెప్పక్కర్లేదు. అందుకే అది చివరి మెట్టు.

అన్నిటికన్నా తేలికైన రాత, రాయనక్కర్లేని రాత. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. అంటే సగటున సెకనుకు 7,000కు పైనే. 2022 సెప్టెంబరులో వచ్చిన యూపీఐ లైట్ ఆ భారాన్ని తగ్గించడానికే. లైట్‌లోకి డబ్బు వేసినప్పుడు పాస్‌బుక్‌లో ఒక్క వరుస పడుతుంది. ఆ డబ్బుతో తాగిన టీలన్నీ విడివిడిగా అక్కడికి ఎక్కవు. 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్సు చూడకుండా పెట్టిన హద్దు కూడా రద్దీని తగ్గించడానికే.

మనం ఇంటి నుంచి చేయగలిగిన సాయమూ ఉంది. చిన్న చెల్లింపులకు లైట్ వాడవచ్చు. చెల్లింపు మధ్యలో ఆగితే వెంటనే మళ్ళీ పంపకుండా, ముందు లావాదేవీ స్థితి, ఎస్ఎంఎస్ చూసుకోవాలి. మొదటిది ఇంకా వరుసలో నిలబడి ఉండవచ్చు. రెండోది దాని వెనకే చేరి ఆ వరుసను ఇంకాస్త పొడవు చేస్తుంది, మన డబ్బూ రెండుసార్లు పోతుంది.