స్ట్రాబెర్రీ డబ్బాలో బూడిదరంగు బూజు

గత జనవరిలో ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక డబ్బా స్ట్రాబెర్రీలు కొన్నాను. పైవరుస పండ్లు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఇంటికి తెచ్చి, మూత తీయకుండానే వంటింటి గట్టుమీద ఉంచాము. మరునాడు ఉదయం మనుమరాలు మూత తెరచి, “దాదా, ఈ పండుకు వెంట్రుకలు మొలిచాయి!” అని కేక వేసింది. అడుగున ఒక పండు నిండా బూడిదరంగు నూగు, దానిని ఆనుకున్న రెండు పండ్లు అప్పటికే మెత్తబడ్డాయి. కుళ్ళిన పండ్లు అంటగట్టాడని అమ్మినవాణ్ణి తప్పుపట్టాను. విషయం తెలుసుకున్న తరువాత నాది తొందరపాటు అనిపించింది.

ఆ పండ్లు లంబసింగి నుండి వచ్చినవి. చింతపల్లి మండలంలో, మన నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న గ్రామమది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడి చలి ఈ పంటకు అనుకూలం. డిసెంబరు నుండి మార్చి వరకు కోతలు సాగుతాయి. అయితే ఆ చలితోపాటు వచ్చే మంచు, పొగమంచు ఆకులనూ పూలనూ గంటల తరబడి తడిగా ఉంచుతాయి. బొట్రైటిస్ అనే శిలీంధ్రానికి కావలసింది ఆ తడే.

ఈ శిలీంధ్రం తరచుగా పూతదశలోనే ప్రవేశిస్తుంది. పూరేకులమీద పడిన బీజం మొలకెత్తి, పచ్చి కాయలో ఏ గుర్తూ చూపకుండా నిద్రాణంగా ఉంటుంది. కాయ పండి, తీపి పెరిగి, కణజాలం మెత్తబడినప్పుడు మేల్కొంటుంది. కోసిన రైతుకూ, అమ్మిన వ్యాపారికీ అది కనిపించకపోవచ్చు. అందుకే రైతులు మడులపై ప్లాస్టిక్ షీటు పరచి పండు మట్టికి తగలకుండా చూస్తారు, డ్రిప్ ద్వారా వేళ్ళకే నీరు ఇస్తారు. ఎండుటాకులనూ కుళ్ళిన కాయలనూ ఏరి తోటకు దూరంగా పారవేయాలి. ఆ పని మానితే మందు ఎంత చల్లినా ఫలితం తక్కువే. పండుపై గుంటలుపడిన నల్లమచ్చల తెగులు, ఆకులపై బూడిద తెగులు కూడా ఉన్నాయి గాని, అవి తోటలోనే కంటపడతాయి.

ఇక్కడ హదీసు పాఠంలో చెప్పే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. మదీనాలో ప్రజలు చెట్టుమీది పండ్లను ముందే కొనేవారు. కోతవేళ వచ్చేసరికి కొన్నవారు దుమాన్, మురాజ్, ఖుషామ్ అంటూ తెగుళ్ళ పేర్లు చెప్పి తగాదా పడేవారని జైద్ బిన్ సాబిత్ (రజి) వివరించారు. తగాదాలు పెరగడంతో, పండు బాగోగులు బయటపడేవరకు అమ్మవద్దని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. మామిడి తోటలను పూతమీదే బేరమాడే అలవాటు మనవైపు ఇప్పటికీ ఉంది. పూతలోనే దాగే తెగులు గురించి తెలిశాక, ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న ఆ పాఠం నాకే కొత్తగా అర్థమైంది.

కోత తరువాత కథ వేరు. స్ట్రాబెర్రీ కోశాక ఇక పండదు, పాడవడమే మిగిలింది. తొక్క పలుచన; వేలితో నొక్కిన చోట, ఘాట్ రోడ్డు కుదుపులకు ఒరుసుకున్న చోట గాయమవుతుంది. ఆ గాయంలో రైజోపస్ అనే మరో బూజు చేరి రసం కారేలా చేస్తుంది. 5 డిగ్రీలకంటే తక్కువ చలిలో రైజోపస్ పెరగదు. బొట్రైటిస్ మాత్రం సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కోసిన గంట రెండు గంటల్లో చల్లబరచగలిగితే పండు కొన్ని రోజులు నిలుస్తుంది. కొండమీది చిన్న రైతుకు ఆ శీతల సదుపాయం దొరకడమే కష్టం.

ఇప్పుడు మా ఇంట్లో డబ్బా రాగానే పళ్ళెంలో పోసి ఏరుతున్నాము. బూజు పట్టినదాన్నీ, దానికి తగిలి మెత్తబడినవాటినీ పారవేస్తాము. మెత్తని పండులో బూజు పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకుతాయి కనుక, ఆ భాగం కోసి మిగతాది తినడం, జామ్ చేయడం మంచిది కాదు. మంచివాటిని కడగకుండా, తొడిమ తీయకుండా, కాగితంపై ఒకే వరుసగా పేర్చి ఫ్రిజ్‌లో పెడతాము. కడగడం తినే ముందే. ఏరే పని మనుమరాలిది. అడుగు పండ్లను చూడనిదే పైవాటిని ఎవరినీ ముట్టనివ్వదు.