వాన నడక మాఱిన వేళ రెండవ విత్తు

సేద్యమునకు రెండు మాటలు ప్రాణము వంటివి: ఒకటి అదను, రెండవది పదును. అదనన విత్తుటకు తగిన కాలము. పదునన విత్తు మొలచుటకు నేలలో నుండవలసిన తేమ. ఈ రెండును కలిసివచ్చిన యేడు కాపు ధైర్యముతో గొఱ్ఱు గట్టును. కలిసిరాని యేడు ఆకాశమువంక జూచుచు కూర్చుండును. కొలిమిగుండ్ల ప్రాంతపు మెట్టసేద్యగాండ్రకు ఈ విషయమును ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే ఇటీవలి సంవత్సరములలో అదను వచ్చినను పదును రాకుండుటయు, పదును వచ్చునప్పటికి అదను దాటిపోవుటయు తఱచగుచున్నవి. అంతకు మించిన కష్టము మఱియొకటి కలదు. తొలివానకు విత్తి, నెలదినములు చినుకు లేక మొలక మాడిపోయిన కాపు, మరల వాన పడిన దినమున పొలమును, కాడిని, కష్టించు మనస్సును కలిగియుండియు, చేత విత్తనము లేక నిలిచిపోవుచున్నాడు. ఆ రెండవ విత్తనము ఎక్కడనుండి రావలెను? వాన నడక యేల మాఱుచున్నదో, దానికి మనవారును పరదేశీయులును ఎట్లు సర్దుకొనుచున్నారో వివరించి, ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన నేల, మన నీరు

రాయలసీమ పడమటి కనుమలకు తూర్పున, వాననీడలో నున్నది. నైరృతి ఋతుపవనము తన తేమను చాలవఱకు కనుమలమీదనే విడిచి, మన యొద్దకు వచ్చునప్పటికి బలహీనమగును. ఈశాన్య ఋతుపవనము కోస్తాను తడిపి మన వైపునకు వచ్చులోపల తేలిపోవును. పూర్వపు కర్నూలు జిల్లాకు సాలీనా సగటు వర్షము సుమారు 670 మిల్లీమీటర్లు. కాని సగటు లెక్క పైరును బ్రతికింపదు. ఆ వాన ఏ కార్తెలో, ఎన్ని దినములలో, ఎంత విరామముతో పడినదో అదియే ముఖ్యము.

కొలిమిగుండ్ల ప్రాంతమున నల్లరేగడియు, ఎఱ్ఱనేలయు కలవు. రేగడి లోతుగ నున్నచోట తేమను చాలకాలము దాచుకొనును. నాపరాయి పైకి వచ్చి మట్టి పలుచనైన చోట ఒక వాన తేమ కొలది దినములకే ఆఱిపోవును. ఈ నాపరాయి సున్నపురాతి జాతిలోనిది. వాననీరు గాలిలోను మట్టిలోను నుండు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, స్వల్పముగ పులుసుగుణమును పొంది, ఈ రాతిని మెల్లమెల్లగ కరగించును. ఈ మండలములోని బెలుం గుహలు అట్లు ఏర్పడినవే. వాటి పొడవు 3 కిలోమీటర్లకు మించును. అట్టి నేలలో నీరు సమముగ వ్యాపించియుండక, పగుళ్ళవెంటను తొలుపులవెంటను పోవుచుండును. కావుననే ఒక కాపు వేసిన బోరుబావిలో నీరు పడి, ప్రక్క చేనిలో ఉత్త దుమ్ము లేచుట కలదు. బోరునందు పెట్టుబడి పెట్టుట ఇచ్చట అనేకులకు జూదముగ ముగిసినది. కావున మన మెట్టసేద్యము ముందుగ ఆశ్రయింపవలసినది నేలలో నిలిచిన తేమనే.

వాన నడక యేల మాఱినది

పైన చెప్పిన బొగ్గుపులుసు వాయువే ఈ మార్పునకును ముఖ్యకారణము. పెద్ద యంత్రపరిశ్రమలు పుట్టకమునుపు పది లక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్ళుండెను. బొగ్గును, భూమినూనెలను కాల్చుటవలనను, అడవులను నరకుటవలనను అది నేడు 420 పాళ్ళు దాటినది. ఈ వాయువు భూమినుండి పైకిపోవు వేడిమిని కంబళివలె పట్టియుంచును. 1850–1900 మధ్యకాలముతో పోల్చినచో 2011–2020 దశాబ్దమున భూగోళపు సగటు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు పెరిగినది. మన దేశమున 1901 మొదలు 2018 వఱకు పెరిగినది సుమారు 0.7 డిగ్రీ.

ఒక డిగ్రీ అనగా స్వల్పమే కదా యని తోచవచ్చును. కాని ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు నూటికి 7 పాళ్ళు అధికముగ నీటియావిరిని మోయగలదు. దానివలన రెండు ఫలితములు కలుగును. వాన లేని దినములలో అట్టి గాలి నేలనుండియు పైరునుండియు తేమను హెచ్చుగ పీల్చును. కురియునపుడు ఒక్కమారుగ కుమ్మరించును. అనగా వానకును వానకును ఎడము పెరుగును, పడినపుడు వఱదయగును. 2002 జూలైలో దేశమంతటికి కురియవలసిన వానలో సుమారు సగమే కురిసెను. 2009లో దేశమున ఋతుపవన వర్షము నూటికి 22 పాళ్ళు తగ్గి కఱవు వచ్చెను. ఆ యేడే అక్టోబరు మొదటివారమున కర్నూలు నగరము వఱదలో మునిగెను. 2023 ఆగస్టు, 1901 తరువాత దేశమున అతి తక్కువ వాన పడిన ఆగస్టుగ లెక్కకెక్కెను. ఎండయు వఱదయు ఒక్క సంవత్సరముననే వచ్చు ఈ తీరును పంచాంగముచూచి నిర్ణయించుట ఎవ్వరితరము?

ఉత్తరధ్రువ సీమలో నొక పాఠము

ఈ కష్టము మన ఒక్కరిదే కాదు. భూమిపై అందఱికన్న వేగముగ వేడెక్కుచున్నది ఉత్తరధ్రువ ప్రాంతము. 1979 తరువాత అచ్చటి వేడిమి లోకపు సగటుకు దాదాపు నాలుగింతల వేగముతో పెరుగుచున్నది. చలిదేశము వేడెక్కిన మేలే కదా యని మనకు తోచును. అది యెట్లు కీడైనదో చూడుడు.

రష్యా దేశపు ఉత్తరమున యామల్ అను ద్వీపకల్పము కలదు. అచ్చట నెనెత్సు జాతివారు రెయిండీరు అను ఒకవిధమగు దుప్పులను మందలుగ మేపుచు, వాటిచేతనే బండ్ల నీడ్పించుకొనుచు, గుడారములతో సంచరించుచుందురు. శీతకాలమున నేల మంచుతో కప్పబడియున్నను, ఆ జంతువులు మెత్తని మంచును గిట్టలతో త్రవ్వి క్రిందనున్న పాచివంటి మేతను తినును. 2013 నవంబరులో అచ్చట మంచు పడవలసిన అదనులో వాన పడెను. ఆ నీరు మంచుపై నిలిచి, పిదప చలికి గట్టిపడి, రాతిపలకవంటి గడ్డయై మేతను మూసివేసెను. గిట్టకు మేత అందలేదు. ఆ శీతకాలమున సుమారు 61,000 జంతువులు ఆకలిచే చచ్చెను. 2006లోను ఇట్లే జరిగి సుమారు 20,000 చచ్చియుండెను. సముద్రముమీది మంచు తగ్గుటతో ఈ యకాలవర్షములకు సంబంధము కలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

మందలు పోయినవారు ఏమి చేసిరి? బండ్ల నీడ్చు పశువులు లేక కదలలేనివారు చేపలు పట్టి ప్రాణములు నిలుపుకొనిరి. మంద మిగిలిన వారియొద్దనుండి ఈనెడు పశువులను ఎరవు తెచ్చుకొని మరల మందలను పెంచుకొన మొదలిడిరి. మన యెండకును వారి మంచునకును పోలిక లేదు. కాని వారిని నిలిపినవి రెండే: ప్రధానవృత్తి చెడినపుడు ఆదుకొనిన రెండవ జీవనము, మరల మొదలిడుటకు దొరికిన ఎరవు బీజము. ఈ రెండును మన పెద్దలకును తెలిసినవే.

పెద్దల పద్ధతి, నేటి పద్ధతి

మన జిల్లాలో పూర్వము నల్లరేగడిని ప్రత్తితోపాటు కొఱ్ఱ విత్తెడివారు. కొఱ్ఱ మూడుమాసముల లోపల ఇంటికి వచ్చి గింజయు మేతయు ఇచ్చును. ప్రత్తి ఆలస్యముగ వచ్చి రొక్కమిచ్చును. ఒకటి చెడిన మఱియొకటి దక్కును. జొన్నను పాతరలలో పోసి చెడు సంవత్సరములకు దాచెడివారు. విత్తనము లేనివాడు ఉన్నవానియొద్ద నాగునకు తెచ్చుకొని, కళ్ళములో కొంత హెచ్చుగ కొలిచి తీర్చెడివాడు. ఈ పద్ధతులన్నియు కఱవును పూర్తిగ ఆపగలిగినవని చెప్పుట అసత్యము. 1876–78 నాటి ధాత కఱవున కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. నాగుపెట్టినవాడు నిర్దయుడైనచో అప్పు తరముల తరబడి తీరకుండుటయు కలదు. పద్ధతిలోని మేలును గైకొని, కీడును విడువవలెను.

నేటి పద్ధతిలో ప్రధానమైనది పప్పుసెనగ. ముంగారి వానలకు నేలను తడియనిచ్చి, అక్టోబరు, నవంబరు మాసములలో విత్తిన పిదప, నిలువయున్న తేమతోడనే ఈ పైరు పండును. మునుపటి రకములు ఆలస్యముగ కాచుటచే చివర ఎండకు చిక్కెడివి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలిసి రూపొందించిన జె.జి. 11 అను రకము 1999లో విడుదలయ్యెను. అది సుమారు నూఱు దినములలో కోతకు వచ్చి, ఎండలకు ముందే కళ్ళము చేరును. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్ష హెక్టారులుండిన సెనగసాగు 2008 నాటికి సుమారు 6 లక్షలకు పెరిగెను. మాఱిన వానకు మన కాపులు తామై కనుగొనిన గొప్ప సర్దుబాటు ఇది. దీనిని తక్కువచేసి మాటాడరాదు.

అయినను ఒక్క పైరునే నమ్మినవానికి దాని జబ్బులన్నియు తనవే యగును. చలి తగ్గి రాత్రులు వేడెక్కిన యేడు పూత రాలును; అకాలపు ముసురు పట్టిన యేడు తెగులు సోకును; అందఱికి పండిన యేడు ధర పడిపోయి సరకు గిడ్డంగులలో మూలుగును. మఱియు దీని విత్తనము బరువైనది. ఎకరమునకు 25 మొదలు 30 కిలోలు కావలెను. ఒకమారు విత్తినది పోయిన కాపు మరల అంత విత్తనమును కొనవలెనన్న అప్పు చేయక తీఱదు.

రెండవ విత్తు ఏది?

ఇచ్చటనే కొఱ్ఱ విలువ తెలియును. గొఱ్ఱుతో సాళ్ళుగ విత్తినచో ఎకరమునకు 2 కిలోల కొఱ్ఱ చాలును. నూఱు ఎకరములకు 2 క్వింటాళ్ళు. అదే సెనగకైనచో 25 మొదలు 30 క్వింటాళ్ళు. పొట్టుతోనుండు కొఱ్ఱగింజను పురుగు అంతగ ముట్టదు. బాగుగ ఎండబెట్టి దాచినచో మఱుసటి యేటికిని పనికివచ్చును. సెనగకు పుచ్చు పట్టును. వేరుసెనగ త్వరలో మొలకశక్తిని కోల్పోవును. నంద్యాలలో 1906లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనస్థానము సెనగయందును కొఱ్ఱయందును మంచి రకములను వెలువరించినది. అందు సూర్యనంది అను కొఱ్ఱ 70 మొదలు 75 దినములలో పండును. మృగశిర, ఆరుద్ర కార్తెలలో అది మొలచినచో ఉత్తర, హస్తల నాటికి చేను ఖాళీయగును. తరువాత వాన కలిసివచ్చిన లోతురేగడిలో సెనగయు విత్తుకొనవచ్చును. కాని మొదటి పైరు కొంత తేమను త్రాగును గనుక, పలుచని నేలలో రెండు పైరులకు ఆశపడుట తగదు.

తొలివిత్తు పోయి జూలైలో వాన వచ్చినచో కొఱ్ఱయే విత్తవచ్చును. ఆగస్టు కడపటికిగాని పదును రాకున్నచో ఉలవ మేలు. దానికి ఎకరమునకు 8 మొదలు 10 కిలోలు కావలెను. గింజ తక్కువైనను పశువులకు మేతయైన దక్కును.

విత్తనమును దాచు పని

ఈ పని ఒక్కరివలన సాగదు. ప్రతి కాపును తన గాదెలో మూడువిధముల విత్తనము లేడాది పొడవున నిలుపుకొనలేడు. పదిమంది కలిసిన సులభము. తెలంగాణములో సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన మహిళాసంఘములు ఇట్టి విత్తనపు నిలువలను నడపుచున్నవి. వారిలో అనేకులు కొలది భూమి గల దళితస్త్రీలు. విత్తనమును తీసికొనినవారు పంట పిదప కొంత హెచ్చు కొలతతో విత్తనముగనే తీర్చుదురు. ఈ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము లభించినది. ఇది మన నాగుపద్ధతియే. లాభము ఒక్కని ఇంటికి పోక గాదెకే చేరుట యొక్కటే భేదము.

ఇందుకు నాలుగు నియమములు చాలును. మొదటిది, మంచి చేనినుండి విత్తనమును వేఱుగ కోయించి, ఎండబెట్టి, రకము పేరును సంవత్సరమును వ్రాసి దాచవలెను. రెండవది, వేసవిలో నూఱు గింజలను తడిగుడ్డలో చుట్టి మొలక చూడవలెను. కొఱ్ఱ 75, సెనగ 85 మొలచినగాని విత్తనముగ లెక్కింపరాదు. మూడవది, ప్రతియేడు పాతదానిని తీసి క్రొత్తదానిని నింపవలెను. నాలుగవది, రెండవ విత్తును కూడ పోగొట్టుకొనిన యేడు తీర్చుగడువును మఱుసటి పంటకు జరుపవలెను. లేనియెడల ఆదుకొనుటకై పెట్టిన గాదె అప్పులవాకిలియగును.

విత్తనపు గాదె వానను కురిపింపదు. ఏ కార్తెయు కురియని యేడు పంటభీమా, పశుగ్రాసము, కూలిపని ఇవియే దిక్కు. నాపగనులకు పోవు కాపులకు ఆ సంగతి తెలియును. కాని మన చెడు సంవత్సరములలో తొలివాన మోసగించి మలివాన కురిసినవి తక్కువ కాదు. ఆ మలివాన దినమున విత్తనము చేతనున్నవానికి అది పంటయగును. లేనివానికి ఊరక తడిసిన నేలయగును. రోహిణికార్తెలో కాడిని గొఱ్ఱును సరిచూచుకొనునపుడే, ఈ యేటి రెండవ విత్తనము ఎంత యున్నదో, అది మొలచునో లేదో కూడ కాపులు కలిసి చూచుకొనవలెను.