డీజిల్ ట్రక్కులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను చల్లగా ఉంచడం

1. పరిచయం

ఘాట్ రోడ్డు మీద ముందు వాహనం ఆగినప్పుడు కొందరు డ్రైవర్లు బ్రేకు వేయరు. హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెడతారు. కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదలలేదు. మరి ఇంజన్ ఇచ్చిన శక్తి ఏమైంది? క్లచ్ ప్లేటు జారడం వల్ల వేడిగా మారింది. ఈ విషయం గుర్తుంచుకుంటే మీకు ఈ పాఠం సగం అర్థమైనట్లే.

మన లారీలలో ఎక్కువ భాగం క్లచ్ పెడల్ ఉన్నవే. ఉత్తర అమెరికాలో మాత్రం బరువైన ట్రైలర్లు లాగే డీజిల్ పికప్ ట్రక్కులకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండటం సర్వసాధారణం. వాటి యజమానులలో కొందరు ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చి, ఇంధనం ఎక్కువ పడేటట్లు చేసి, టార్క్ పెంచుకుంటారు. పెరిగిన టార్క్‌కు ఇంజన్ తట్టుకున్నా గేర్‌బాక్స్ తట్టుకోలేకపోవచ్చు. మొదట ఆయిల్ వేడెక్కుతుంది, తరవాత లోపలి క్లచ్‌లు కాలిపోతాయి. అప్పుడు చాలామందికి తట్టే ఉపాయం పెద్ద కూలర్ బిగించడం. అది ఒక్కటే సరిపోతుందా? లెక్క వేసి చూద్దాం.

2. వేడి ఎక్కడ పుడుతుంది?

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది, కాని మొదటిదానంత వేగంగా తిరగదు. టార్క్ కన్వర్టర్ పనిచేసేది ఇలాగే. ఇక్కడ గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజన్ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం విసిరిన ఆయిల్ గేర్‌బాక్స్ వైపున్న రెండో చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో ఉండే స్టేటర్ ఆయిల్‌ను తిరిగి సరైన దిశలో పంపి టార్క్‌ను పెంచుతుంది. రెండు చక్రాల వేగాలలో ఉన్న తేడానే జారుడు అంటాం. ఇలా జారేటప్పుడు నష్టపోయే శక్తి అంతా ఆయిల్‌లో వేడిగా చేరుతుంది.

ఈ నష్టాన్ని తప్పించడానికి కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అమర్చారు. అది పట్టుకున్నప్పుడు రెండు చక్రాలు ఒక్కటిగా తిరుగుతాయి, జారుడు ఉండదు. అయితే ఆ క్లచ్ ఇంత టార్క్ వరకే పట్టి ఉంచగలదని ఒక పరిమితి ఉంటుంది. మార్పులు చేసిన ఇంజన్ ఆ పరిమితిని దాటితే లాకప్ క్లచ్ కూడా జారుతుంది. గేర్లు మార్చే ఇతర క్లచ్‌ల సంగతీ అంతే. మొదట చెప్పుకున్న హాఫ్ క్లచ్ ఇప్పుడు డ్రైవరుకు తెలియకుండానే గేర్‌బాక్స్ లోపల జరుగుతుంది.

3. ఒక లెక్క

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఇంటర్‌స్టేట్ 70 రహదారి ఐజన్‌హోవర్ సొరంగం దగ్గర సుమారు 3,400 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడి ఎక్కుడులో వాలు కొన్నిచోట్ల 7 శాతం దాకా ఉంటుంది. ట్రక్కు, ట్రైలర్ కలిపి 9,000 కిలోలనీ, వేగం గంటకు 50 కిలోమీటర్లనీ (సెకనుకు 13.9 మీటర్లు) అనుకుందాం. ఎత్తుకు ఎక్కడానికి మాత్రమే కావలసిన శక్తి:

9,000 × 9.81 × 0.07 × 13.9 = సుమారు 86 కిలోవాట్లు.

కన్వర్టర్ లాక్ కాకుండా 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకోండి. అప్పుడు ఇంజన్ సుమారు 107.5 కిలోవాట్లు ఇవ్వాలి. అంటే 21.5 కిలోవాట్లు ఆయిల్‌ను వేడి చేస్తాయి.

గేర్‌బాక్స్‌లో 15 లీటర్ల ఆయిల్, అంటే దాదాపు 13 కిలోలు ఉందనుకుందాం. ఒక కిలో ఆయిల్‌ను ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2 కిలోజౌళ్లు చాలు. మొత్తం ఆయిల్‌కు 26 కిలోజౌళ్లు. కాబట్టి చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ఒక్క నిమిషంలో ఆయిల్ దాదాపు 50 డిగ్రీలు వేడెక్కుతుంది.

ఇప్పుడు కూలర్ సంగతి చూద్దాం. నిమిషానికి 10 లీటర్ల ఆయిల్ కూలర్ గుండా ప్రవహిస్తే, 21.5 కిలోవాట్లను తీసివేయడానికి అది ప్రతిసారీ ఆయిల్‌ను 76 డిగ్రీల మేర చల్లబరచాలి. 110 డిగ్రీలతో వచ్చిన ఆయిల్ 34 డిగ్రీలతో బయటికి పోవాలన్నమాట. ట్రక్కుకు బిగించే కూలర్‌తో ఇది అయ్యే పని కాదు. పైగా 3,400 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. ఆ గాలి మోసుకుపోగల వేడీ తక్కువే.

అదే కన్వర్టర్ గట్టిగా లాక్ అయి ఉంటే మిగిలేది గేర్లు, బేరింగులు, పంపు వల్ల కలిగే నష్టం. అది 4 కిలోవాట్లనుకుంటే కూలర్ ఆయిల్‌ను 14 డిగ్రీలు చల్లబరిస్తే సరిపోతుంది. కూలర్ అదే, రోడ్డు అదే. మారినది జారుడు ఒక్కటే.

4. ఏది ముందు, ఏది తరవాత?

పై లెక్కను బట్టి పనుల వరుస తేలుతుంది.

(అ) జారుడు ఆపడం: ఇంజన్ టార్క్‌ను గేర్‌బాక్స్ మోయగల పరిమితిలో ఉంచాలి. లేదా ఎక్కువ ప్లేట్లున్న లాకప్ క్లచ్, తగిన ఆయిల్ పీడనం, డీజిల్ ఇంజన్ వేగానికి సరిపడే కన్వర్టర్ అమర్చాలి.

(ఆ) సరైన గేరు: ఎక్కుడు మీద పై గేరులో ఈడ్చకుండా కింది గేరులో, లాకప్ విడిపోని వేగంలో నడపాలి. బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మీట ఇందుకు సాయపడుతుంది.

(ఇ) కూలర్: సాధారణంగా ఆయిల్ మొదట రేడియేటర్‌లోని కూలర్‌కు, తరవాత గాలి తగిలే కూలర్‌కు వెళుతుంది. గాలి కూలర్‌ను రేడియేటర్ ముందు అమర్చాలి. గొట్టాలు సన్నగా ఉన్నా, నలిగినా ప్రవాహం తగ్గిపోతుంది. చలిదేశాలలో ఆయిల్ మరీ చల్లబడి చిక్కబడకుండా థర్మోస్టాట్ ఉండటం మంచిది.

(ఈ) మీటరు: ఆయిల్ పాన్‌లో పెట్టిన మీటరు కలగలిసిన ఆయిల్ సగటు వేడిని ఆలస్యంగా చూపుతుంది. కన్వర్టర్ నుంచి కూలర్‌కు పోయే గొట్టం మీద పెట్టినది అసలు వేడిని వెంటనే చూపుతుంది. పాన్‌లో 80 నుంచి 95 డిగ్రీలు మామూలు. 120 దాటితే బరువు తగ్గించడమో, బండి ఆపడమో చేయాలి. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మెకానిక్కులు స్థూలంగా లెక్కిస్తారు.

బండి ఆపేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. 1990ల రెండో సగంలో కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్‌తో డాడ్జ్ రామ్ ట్రక్కులలో వచ్చిన 47ఆర్‌ఈ గేర్‌బాక్స్‌లో, ఏ మార్పూ చేయకపోతే, పార్క్‌లో పెట్టినప్పుడు ఆయిల్ కూలర్‌కు వెళ్లదు. అందువల్ల సమతలంగా ఉన్నచోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను నడవనివ్వాలి. ఆ సమయంలో డ్రైవరు సీటు వదలకూడదు. చక్రాలకు అడ్డు మరొకరు పెట్టాలి. ఈ సంగతి తెలియనివారు పార్క్‌లో ఉంచి, చల్లబడుతోందనుకొని ఎదురు చూస్తారు.

5. సారాంశం

వేడిని తీసివేయడం కూలర్ పని, వేడి పుట్టకుండా చూడటం క్లచ్ పని. రెండో పని జరగనప్పుడు మొదటిదాని మీద ఎంత ఖర్చు పెట్టినా గేర్‌బాక్స్ దక్కదు. మీటరు ముల్లు పైకి పోతే కూలర్ ఎంత పెద్దదని అడిగే ముందు, లోపల ఏది జారుతోందని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లాకప్ క్లచ్ పట్టుకున్నప్పుడు ఆయిల్ వేడెక్కడం ఎందుకు తగ్గుతుంది?
2. వాలు 4 శాతమైతే పై ట్రక్కు ఎత్తుకు ఎక్కడానికి ఎంత శక్తి కావాలి? 80 శాతం సామర్థ్యం దగ్గర ఎంత వేడి పుడుతుంది?
3. ఆయిల్ ఉష్ణోగ్రతను కూలర్‌కు పోయే గొట్టం దగ్గర కొలవడం వల్ల లాభమేమిటి?