నల్లా, బోరు, క్యాను: పళ్లకు ఏ నీళ్లు మంచివి?

జగిత్యాల, కోరుట్ల ఇళ్లలోనైనా, సిరిసిల్ల సాంచాల వాడల్లోనైనా మూడు రకాల నీళ్లు కనిపిస్తాయి: మిషన్ భగీరథ నల్లా, ఇంటి బోరు, ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను. ఏవి తాగాలో చాలామంది రుచి చూసి తేల్చేస్తారు. పళ్లకు ఏది మేలో నాలుక చెప్పలేదు.

అపోహ: బోరు నీళ్లు తియ్యగా, తేటగా ఉంటే ఫ్లోరైడ్ లేనట్టే.

వాస్తవం: ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నోటికి తెలియదు. పాత కరీంనగర్ జిల్లాలో భూమి కింద చాలాచోట్ల గ్రానైట్ రాయే. దానిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది. మీ బోరులో తక్కువున్నా పక్కింటి బోరులో ఎక్కువ ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడే 1.5 దాకా. కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుంటే సరిగా తోముకోనట్టు.

వాస్తవం: ఈ మాట పిల్లల్ని చాలా బాధపెడుతుంది. ఎనిమిదేళ్ల లోపు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఎక్కువైన ఫ్లోరైడ్ ఎనామిల్‌ను దెబ్బతీస్తుంది. పన్ను బయటికొచ్చాక ముందు సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలు, ఆ తర్వాత గోధుమ మచ్చలు. అవి పన్నులోనే ఉన్నవి. ఉప్పు, బొగ్గు పెట్టి రుద్దితే మచ్చ పోదు, ఎనామిల్ అరుగుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లను కసరకండి, దంత వైద్యుడికి చూపించండి. మచ్చలు కనపడకుండా చేసే చికిత్సలున్నాయి.

అపోహ: టీడీఎస్ మీటరు తక్కువ చూపిస్తే చాలు.

వాస్తవం: ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది. ఫ్లోరైడ్‌కు పరీక్ష వేరు. మెంబ్రేన్ (వడపోత పొర) బాగున్న ఆర్వో ప్లాంటు మాత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది.

అపోహ: నల్లా నీళ్లలో మందు వాసన, పళ్లు పాడవుతాయి.

వాస్తవం: నీళ్ల శుద్ధికి కలిపే ఆ కాస్త క్లోరిన్ పళ్లను ఏమీ చెయ్యదు. బిందెలో కాసేపు ఉంచితే వాసనా తగ్గుతుంది. నల్లాకు వచ్చే గోదావరి, మానేరు లాంటి నదుల నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. చిన్నపిల్లలున్న ఇంట్లో పరీక్ష చెయ్యని బోరుకన్నా నల్లానే నేను నమ్ముతాను.

అపోహ: ఫ్లోరైడ్ అంటేనే విషం, పేస్టులో కూడా వద్దు.

వాస్తవం: తగినంత ఫ్లోరైడ్ పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయించాలి.

బోరు నీళ్లే తాగేవాళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి.