మీకు తెలుసా? మూతపడ్డ వెబ్‌సైటుకూ గిరాకీ ఉంటుంది

ఒక వెబ్‌సైటు మూతపడి, అందులో ఒక్క వ్యాసం కూడా మిగలకపోయినా దాని డొమైన్‌కు, అంటే వెబ్ చిరునామాకు, మంచి ధర పలకవచ్చు. కొనేవాళ్లు చూసేది సైటులో ఏముందని కాదు, దానికి ఎవరెవరు లింకులు ఇచ్చారని. పత్రికలు, యూనివర్సిటీలు, ప్రభుత్వ శాఖలు ఎప్పుడో ఇచ్చిన లింకులు ఆ సైటు పోయాక కూడా వాళ్ల పేజీల్లో అలాగే ఉండిపోతాయి. డొమైన్ కొనేసి, వచ్చినవాళ్లందరినీ తమ సైటుకు మళ్లిస్తే గూగుల్ దగ్గర ఆ లింకుల పలుకుబడి తమకే దక్కుతుందని ఆశ.

లింకుకు ఇంత విలువ తెచ్చింది పేజ్‌ర్యాంక్. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఈ పద్ధతిని 1998లో లోకం ముందు పెట్టారు. ఒక పేజీకి ఎన్ని లింకులు ఉన్నాయన్నదే కాదు, ఆ లింకులు ఇచ్చిన పేజీలకు ఎంత పరపతి ఉందన్నది కూడా అందులో లెక్కకు వస్తుంది. ఇవాళ గూగుల్ ఇంకా చాలా విషయాలు చూస్తుంది గానీ, లింకును మాత్రం వదిలేయలేదు.

మళ్లింపు ఎలా జరుగుతుందో తెలుసా? మీరు పాత లింకు నొక్కగానే బ్రౌజర్ ఆ సైటు సర్వర్‌ను పేజీ అడుగుతుంది. సర్వర్ పేజీకి బదులు 301 అనే అంకెను, దాంతోపాటు ‘లొకేషన్’ అన్న వరుసలో ఓ కొత్త చిరునామాను పంపిస్తుంది. బ్రౌజర్ మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా అక్కడికి తీసుకెళ్లిపోతుంది. 301 అంటే శాశ్వతంగా మారిపోయాం అని, 302 అంటే ప్రస్తుతానికి అక్కడ ఉన్నాం అని. బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే నియమాలను చెప్పే 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఈ రెండు అంకెలూ ఉన్నాయి. మళ్లించినప్పుడల్లా పేజ్‌ర్యాంక్ కొంత తరిగిపోతుందని సైట్ల ర్యాంకుల మీద పనిచేసేవాళ్లు చాలాకాలం నమ్మారు. అలా తరగడం ఇక లేదని 2016లో గూగుల్ ఉద్యోగి గ్యారీ ఇల్యెస్ చెప్పారు.

మళ్లింపులో తప్పేమీ లేదు, చిరునామా మారినవాళ్లకు అది అవసరమే. ఫేస్‌బుక్ మొదట ‘దఫేస్‌బుక్ డాట్ కామ్’. ముందున్న ‘ద’ తీసేసిన డొమైన్ కోసం 2005లో ఆ కంపెనీ 2 లక్షల డాలర్లు పెట్టింది. వస్తువుల సమీక్షలకు పేరున్న వైర్‌కట్టర్‌ను న్యూయార్క్ టైమ్స్ 2016లో దాదాపు 3 కోట్ల డాలర్లకు కొని, ఆ తర్వాత దాని పేజీలను తన డొమైన్ కిందికి తెచ్చుకుంది. సైటు ఇల్లు మారితే ఏ పేజీకి ఆ పేజీనే జత చేయమని, మళ్లింపులు కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెబుతుంది. వెయ్యి పాత పేజీలనూ గుత్తగా కొత్త సైటు మొదటి పేజీకి తోసేస్తే, వాటిని లేని పేజీలుగానే లెక్కకట్టే అవకాశం ఉంది. నన్నడిగితే ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. పాత లింకు నొక్కిన మనిషికి తను వెతుక్కుంటూ వచ్చింది దొరికిందా లేదా? దొరికితే అది మర్యాద. దొరకకపోతే ఆ లింకు ఇచ్చినవాళ్ల మాటను వాళ్లకు తెలియకుండా అమ్ముకున్నట్టే.

అమెరికాలో 2010లో మొదలైన ద హెయిర్‌పిన్ స్త్రీల రాతలకు పేరు పొందిన సైటు. 2018లో మూతపడింది. ఆ డొమైన్‌ను మరొకరు సొంతం చేసుకుని కృత్రిమ మేధతో రాయించిన వ్యాసాలతో నింపేశారని 2024 మొదట్లో వైర్డ్ పత్రిక బయటపెట్టింది. పాత వ్యాసాల్లో బాగా చదివినవి కొన్నింటిని అలాగే ఉంచి, రాసిన స్త్రీల పేర్ల స్థానంలో మగవాళ్ల పేర్లు పెట్టారు. లింకుల కోసం వ్యాసాన్ని ఉంచుకుని, రాసినామె పేరు చెరిపేశారు. ఇది చదివి నాకు మనసు చివుక్కుమంది.

అమెరికా సుప్రీంకోర్టుకూ ఇలాంటి అనుభవం ఉందంటే నమ్ముతారా? హింసాత్మక వీడియో గేములపై కాలిఫోర్నియా తెచ్చిన చట్టం కేసులో 2011లో తీర్పు వచ్చింది. జస్టిస్ శామ్యూల్ అలిటో విడిగా రాసిన అభిప్రాయంలో, అడుగున ఒక వెబ్ చిరునామాను ఆధారంగా చూపారు. కొంతకాలానికి ఆ డొమైన్ గడువు తీరిపోయింది. ఎవరో దాన్ని కొని, పాత సమాచారం ఉండాల్సిన చోట ఓ సందేశం పెట్టారు. జడ్జి గారు ఉదహరించినట్టు మీరు ఈ పేజీని ఉదహరించలేదు, బతికిపోయారు, ఇంటర్నెట్‌లో లింకు ఎంత అశాశ్వతమో చూడండి అని దాని సారాంశం. కొన్నది అలాంటి మనిషి కాబట్టి సరిపోయింది. ఏ జూద వ్యాపారో కొని ఉంటే, సుప్రీంకోర్టు తీర్పు చదువుతున్న లా విద్యార్థి నేరుగా పేకాట బల్ల ముందు తేలేవాడు. అక్కడి సుప్రీంకోర్టు తీర్పుల్లోని లింకుల్లో సగం దాకా మొదట ఉదహరించిన సమాచారాన్ని ఇప్పుడు చూపించడం లేదని 2013లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకు కనిపించకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చెప్పింది. ఇన్ని ఖాళీ చిరునామాలు ఉన్నప్పుడు వాటికోసం కాచుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు. మన తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం కిందనైనా పాత మూలాల లింకులు నాలుగు నొక్కి చూడండి, సంగతి మీకే తెలుస్తుంది.

2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో ‘గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగం’ అని విడిగా ఒక అంశం చేర్చింది. అందులో ఇచ్చిన ఉదాహరణలు చూస్తే ఒళ్లు మండుతుంది: ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటులో కాసినో సరుకు, వైద్య సేవాసంస్థ సైటులో మందుల వ్యాపారం. ర్యాంకు కోసమే ఇలా చేసే సైటును కిందికి తోసేయవచ్చు, ఫలితాల్లోంచి పూర్తిగా తీసేయనూ వచ్చు. పాత డొమైన్ మీద నిజంగా జనానికి పనికొచ్చే కొత్త సైటు కట్టుకుంటే అభ్యంతరం లేదని కూడా అందులో ఉంది. ఆ గీత సరైన చోటే గీశారనిపిస్తుంది. కాకపోతే బాగా ముందే గీయాల్సింది.

మీ బడికో, గుడికో, పూర్వ విద్యార్థుల సంఘానికో డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి చిరునామా ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. గడువు దాటినా కొన్నాళ్లు మామూలు రుసుముతో పునరుద్ధరించుకునే వీలును డొమైన్లు అమ్మే కంపెనీల్లో చాలావరకు ఇస్తాయి. డొమైన్ పేర్ల జాబితా అయిన రిజిస్ట్రీ నుంచి తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ గడువు, అంటే తిరిగి తెచ్చుకునే గడువు, ఉంటుంది. అప్పుడు కూడా పాత యజమానికే హక్కు, రుసుము మాత్రం బాగా ఎక్కువ. ఆపైన 5 రోజులు ఎవరూ ఏమీ చేయడానికి లేదు. ఆ తర్వాత ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. అలా జారిపడే పేర్లను క్షణాల్లో అందుకోవడమే పనిగా పెట్టుకున్న కంపెనీలు ఉన్నాయి. రిమైండర్ మెయిళ్లు వెళ్లేది డొమైన్ రిజిస్టర్ చేసినప్పుడు ఇచ్చిన ఈమెయిల్‌కే కాబట్టి, అది ఊరు విడిచి వెళ్లిపోయిన పాత కార్యదర్శిదేమో ముందు కనుక్కోండి.